ఐదో నంబరా, ఆరో నంబరా

8 సెప్టెంబర్, సోమవారం

మనవరాలు వర్ష కుడి బూటు ఈ రోజు నోరు తెరిచింది. సాయంత్రం చినుకులు పడ్డాయి. బడి వెనుక సిమెంటు కోర్టు మీద ప్రాక్టీసు చేస్తుంటే బూటు అడుగు ఊడి, పిల్ల మోకాలి మీద పడింది. కొంచెం గీరుకుపోయింది. మందు రాసేటప్పుడు ఏడవలేదు. బూటును చేతిలోకి తీసుకున్నాక ఏడ్చింది.

వాళ్ల బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు నర్సింగం బండి మీద ఇంటిదాకా తెచ్చి దింపాడు. టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. అక్టోబర్ 12న జగిత్యాలలో బాస్కెట్‌బాల్ ఎంపికలు. ఎంపికైన అమ్మాయిలను హైదరాబాద్‌లో క్రీడా హాస్టల్‌లో చేర్చుకుంటారు. ఈ తొమ్మిదిలో మిగిలిన సగం, పదో తరగతి, ఆ పైన ఇంటర్ కూడా అక్కడే.

"మేడం, మన జిల్లాల ఇసొంటి పిల్ల లేదు. కని గీ తెగిన బూట్లతోని పోతె మొదటి ఆటలనే కాలు మెలవడ్తది. మంచియి కొనుర్రి. జెర ముందుగాల్నే కొనుర్రి. కొత్త బూట్లు ఏస్కొని సీదా కోర్టుల దిగితె బొబ్బలస్తయి."

"పంపుడు సంగతి తర్వాత. ముందుగాల బూటు సంగతి సూద్దాం" అన్నాను.

కోడలు శ్వేత నా వైపు ఒకసారి చూసి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది. రాత్రి మస్కట్ నుంచి ప్రభాకర్ ఫోన్ చేస్తే ఇదంతా చెప్పాను. వాడు ఎప్పుడూ అనే మాటే అన్నాడు. "నువ్వెట్ల అంటె అట్లనే అమ్మా." కాబట్టి నిర్ణయం నాది.

నాకు అభ్యంతరం ఏమీ లేదు. తెలుసుకోకుండా ఏదీ కొనను, అంతే.


9 సెప్టెంబర్

వర్ష తనకు కావలసిన బూటు ఫోన్‌లో చూపించింది. ఎరుపు, తెలుపు, మధ్యలో నలుపు. చీలమండ దాటి పైకి వస్తుంది. ధర చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశాను. నా మొదటి ఆరు నెలల జీతం.

తరువాత మళ్లీ తీసుకుని చదివాను. ఆశ్చర్యమైన సంగతి ఏమిటంటే ఇది కొత్త బూటు కాదు. నలభై ఏళ్ల కిందట అమెరికాలో ఆటగాళ్ల కోసం చేసింది. నా ఉద్యోగం పర్మనెంట్ అయిన రోజుల నాటిది. నలభై ఏళ్ల కిందటి నమూనా స్కూటర్‌ను ఎవరూ ఎగబడి కొనరు. ఇది మాత్రం కొత్తవాటికంటే ప్రియం. ఎందుకు?

"నానమ్మా, అది క్లాసిక్."

"క్లాసిక్ అంటె ఏంది?"

కొంచెం ఆలోచించింది. "పాతదే గని పాతగ అనిపియ్యనిది."

"అట్లయితె నేను గూడ క్లాసికే."

"నువ్వు గూడ మస్తు ప్రియం నానమ్మా. ఎవ్వరికీ దొర్కవు" అంది. నోరు చాలా పెరిగింది ఈ పిల్లకు.

ఇంత ధర అక్కరలేదని వర్షే ఒప్పుకుంది. అలాంటిదే తక్కువలో దొరుకుతుందట. ఎన్ని రకాల తక్కువలు ఉన్నాయో చూడాలి.


11 సెప్టెంబర్

ముదస్సిర్ దుకాణానికి వెళ్లాను. పదో తరగతి పరీక్షలో చీటీతో నా చేతికే దొరికినవాడు. ఇప్పుడు కోరుట్ల బస్టాండు రోడ్డులో పెద్ద చెప్పుల దుకాణం పెట్టాడు. నన్ను చూడగానే ఇప్పటికీ కుర్చీ లోంచి లేస్తాడు.

ఫొటో చూపిస్తే లోపలి నుంచి అచ్చంగా అలాంటి జతే తెచ్చాడు. రంగు, కుట్టు, చీలమండ మీది గుర్తు, ఏదీ తప్పలేదు. ధర మాత్రం ఏడో వంతు.

"ఇది అసలుదేనా?"

"అసలు లెక్కనే టీచరమ్మా. ఫస్ట్ కాపీ."

"కాపీల ఫస్టేందిరా?"

"అంటే..." తల గోక్కున్నాడు. "కాపీ కొట్టినోళ్లందర్ల ఫస్టు అచ్చింది అన్నట్టు."

"మరి నువ్వెందుకు రాలే ఫస్టు?"

"నన్నయితె మీరు మొదటి ప్రశ్నకే పట్టుకుంటిరి. ఇగ ఫస్టు ఎట్లస్త?"

చెప్పులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. వాడూ నవ్వాడు. ఫస్ట్ కాపీ కాకుండా మాస్టర్ కాపీ అని ఇంకొకటి ఉందట. మాస్టర్లు కూడా కాపీ కొడతారా అని అడిగాను. అది ఇంకా పైరకం అని, తన దగ్గర లేదని చెప్పాడు.

కూరగాయలు తూచుకోవడానికి నా సంచిలో ఎప్పుడూ స్ప్రింగు త్రాసు ఉంటుంది. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి అది ఇంకోదానికి కూడా పనికివస్తుంది. దుకాణం నేల మీద నీళ్లు చల్లించాను. కొత్త బూటులో రెండు కిలోల తూకపురాయి పెట్టి, లేసులకు త్రాసు కొక్కెం తగిలించి గుంజాను. ముల్లు పెద్దగా కదలకముందే బూటు సర్రున జారింది. వర్ష తెగిన బూటు కూడా తీసుకెళ్లాను. దానిలో అదే రాయి పెట్టి గుంజితే దాదాపు రెండింతలు ఆగింది.

గుర్తును కాపీ కొట్టారు గానీ రబ్బరును కాపీ కొట్టలేదు.

"ఇరువై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న" అన్నాడు ముదస్సిర్, "బూటును త్రాసుకు కట్టి గుంజినోళ్లను నేను సూడలే టీచరమ్మా." అలా అంటూనే తెగిన బూటును తీసుకుని జిగురుతో అతికించి, సుతారంగా నాలుగు కుట్లు వేసి ఇచ్చాడు. కొన్ని రోజులు ఆగుతుందన్నాడు.


14 సెప్టెంబర్, ఆదివారం

కొలతలు తీసుకున్నాను. సాయంత్రం తీసుకోవాలి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బుతుంది. మేజోళ్లతో, నిలబడి, మడమ గోడకు ఆనించి, కింద కాగితం పెట్టి. కూర్చుని కొలిస్తే తక్కువ వస్తుంది. మొదట కూర్చోబెట్టి, తరువాత నిలబెట్టి చూశాను, నిజమే.

వర్ష ఎడమ పాదం 23.4, కుడి పాదం 23.1.

అరవై ఆరేళ్లుగా రెండు పాదాలూ ఒకటే అనుకుంటున్నాను. కాగితం తిప్పి నావీ కొలిచాను. నావీ తేడానే. శ్వేతను పిలిచాను. మొదట వద్దంది, తరువాత చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గోడకు నిలబడింది. ఆమెవి మాత్రం గీత గీసినట్టు సమానం.

"నేనొక్కదాన్నే సక్కగున్న ఇంట్ల" అంది. ముగ్గురం నవ్వాం.

"నానమ్మా, బూట్లు కొందమా, బొమ్మలు గీసుకుంట కూసుందమా?" అని వర్ష.


15 సెప్టెంబర్

ఎడమ పాదం మళ్లీ కొలిచాను. అంతే ఉంది.


17 సెప్టెంబర్

నంబర్ల పట్టిక ముందు పెట్టుకుని కూర్చున్నాను. కిలో ఎక్కడైనా కిలోనే, మీటరు ఎక్కడైనా మీటరే. బూటుకు మాత్రం ఊరికో నంబరు. వర్ష పాదానికి ఇరవైనాలుగు సెంటీమీటర్ల బూటు కావాలి. అదే బూటు ఇంగ్లండు వాళ్లకు నాలుగున్నర, అమెరికాలో ఆడవాళ్లకు ఏడు, యూరప్‌లో ముప్పైఎనిమిది. అమెరికా వాళ్లు మగవాళ్లకు వేరే వరుస, ఆడవాళ్లకు వేరే వరుస పెట్టుకున్నారు. పిల్లలకు ఇంకో వరుస ఉన్నట్టుంది, దాని జోలికి పోలేదు.

ఎందుకిలా జరిగిందో చదువుతూ ఉంటే పొయ్యి మీద పప్పు మాడింది.

అసలు కంపెనీయే తక్కువ ధరలో ఇంకో రకం చేస్తుందని తెలిసింది. చూపుకు అదే పోలిక. కానీ పైన తోలు కాదు. ముందు భాగం సన్నం, వర్ష వేళ్ల దగ్గర పాదం వెడల్పు. వద్దు.


18 సెప్టెంబర్

ఇంకొకటి చూశాను. చాలా బరువు. వద్దు.

"అత్తమ్మా, బూట్లు ఎన్నడు తెస్తరు?" అని శ్వేత అడిగింది. చూస్తున్నానని చెప్పాను.


19 సెప్టెంబర్

మరొకటి. రబ్బరు మెత్తన, సిమెంటు మీద మూడు నెలలకే అరుగుతుందని ఎవరో రాశారు. వద్దు.

కూరగాయల మార్కెట్ దగ్గర నర్సింగం కలిశాడు. బూట్ల గురించి అడిగాడు. చూస్తున్నానని చెప్పాను.


20 సెప్టెంబర్

రేపటి నుంచి దసరా సెలవులు. బతుకమ్మకు శ్వేత వర్షను తీసుకుని సిరిసిల్ల, తన తల్లిగారింటికి పోతోంది. అక్కడ కాలేజీ మైదానంలో వర్ష ప్రాక్టీసు చేసుకుంటుందట. సంచి సర్దుతూ శ్వేత అతికించిన బూట్లను ఒక కవరులో పెట్టింది. పెట్టేటప్పుడు కొంచెం గట్టిగానే పెట్టింది.

"నానమ్మ బూటు మీద పీహెచ్‌డీ చేస్తున్నదే" అని వర్ష ఫోన్‌లో ఎవరికో చెబుతుంటే వినిపించింది. "పట్టా అచ్చినంక కొంటదట."

తెలుసుకుని కొనడంలో నవ్వుకోవడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.


22 సెప్టెంబర్

ఇల్లు శుభ్రంగా ఉంది. మెట్ల మీద బంతి చప్పుడు లేదు. ప్రశాంతంగా చదువుకోవచ్చు.


23 సెప్టెంబర్

బంతి చప్పుడు లేదు. ఏమీ చదవలేదు.


24 సెప్టెంబర్

హైదరాబాద్‌లో ఆ కంపెనీ దుకాణానికి ఫోన్ చేశాను. పండుగ తగ్గింపు ఏమైనా ఉందేమో కనుక్కుందామని. ఎత్తినవాడిది గోదావరి వైపు యాస. మర్యాద మాత్రం చాలా ఉంది.

"మా కొడుకు బిడ్డకు బాస్కెట్‌బాల్ బూట్లు గావాలె. ఏడో నంబరు" అన్నాను.

"తప్పకుండా మేడం. బిడ్డకి ఏడో నెలా అండీ?"

"నెల గాదు, నంబరు."

"అదేనండీ, నెలల పిల్లలకి ఏడో నంబరు చాలా పెద్దదైపోద్దండి. బిడ్డకి నడకొచ్చిందా అండీ?"

"నడకేంది! పిల్ల ఎగిరి వల ముట్టుకుంటది."

"ఉయ్యాల వలా అండీ?"

"బాస్కెట్‌బాల్ వలయ్యా! పద్నాలుగేండ్ల పిల్ల."

"అయ్యో, మరి బిడ్డన్నారు కదండీ!"

అప్పుడు అర్థమైంది. మాకు బిడ్డ అంటే కూతురు. ఉయ్యాలలో ఉన్నా బిడ్డే, యాభై ఏళ్లు వచ్చి తానే అత్త అయినా బిడ్డే. కొడుకు బిడ్డ అంటే మనవరాలు. అతనికి బిడ్డ అంటే పొత్తిళ్లలో ఉండాలి. ఇద్దరం తెలుగే మాట్లాడుతున్నాం, మధ్యలో పసిపిల్ల ఒకతె పుట్టి పెరిగిపోయింది. చాలాసేపు నవ్వుకున్నాం. నాకు దగ్గు కూడా వచ్చింది.

ఆ తరువాత అతను అన్న మాట ఇక్కడ రాసుకోవాలి. "పద్నాలుగేళ్లంటే ఇంకా కిడ్స్‌లోనే చూడొచ్చండి. పాదం ఎంతుంటుందండీ?"

చెప్పాను.

"అయితే కిడ్స్‌లో ఐదో నంబరు సరిపోద్దండి. అదే మోడలు, అదే రంగు. రేటు సగానికి కాస్త ఎక్కువ, అంతేనండి."

నేను లేచి నిలబడ్డాను. పట్టిక తీసి చూస్తే నిజమే. ఇంగ్లండు లెక్కలో పిల్లల వరుస ఐదుకూ, ఆడవాళ్ల వరుస నాలుగున్నరకూ లోపలి పొడుగు ఒకటే, ఇరవైనాలుగు. నేను జోలికి పోకుండా వదిలేసిన వరుస ఇదే. అదే బూటు పిల్లల పెట్టెలో పెడితే ఒక ధర, ఆడవాళ్ల పెట్టెలో పెడితే ఇంకో ధర! ఎందుకని అడిగాను. తోలు అదేనా? అదేనట. రబ్బరు? అదేనట. లోపలి మెత్త కొంచెం పలుచన అట. వర్ష బరువు తక్కువ, ఫరవాలేదు. మిగతా తేడాకు కారణం ఏమిటన్నాను. "పిల్లలది కదండీ" అన్నాడు. అది కారణం కాదు, కానీ వాదించలేదు. పదహారు రోజులు తిరిగి తిరిగి నేను కనుక్కోలేనిది ఒక మాట తప్పుగా వినబడితే దొరికింది.

"ఐదు పంపమంటారా మేడం, లేకపోతే పెరుగుతారు కాబట్టి ఆరా?"

"ఆరు" అన్నాను. ఆలోచించవలసిన పని లేదు. మా ఇంట్లో పిల్లల చెప్పులు ఎప్పుడూ వేలు సందు చూసే కొన్నాం. ప్రభాకర్ బడి బూట్లకు మొదటి ఏడాది ముందు దూది, రెండో ఏడాది దూది లేకుండా. వర్షకూ ఈ కథ చాలాసార్లు చెప్పాను. వర్ష పాదం జూన్ నుంచి ఇప్పటికే కొంత పెరిగింది. ఆరు అయితే పదో తరగతి దాటేదాకా వస్తుంది.


27 సెప్టెంబర్

పొట్లం వచ్చింది. పండుగ అయ్యేదాకా ఆగడం ఎందుకని మధ్యాహ్నం బస్సెక్కాను. వేములవాడలో దిగి సిరిసిల్ల బస్సు మారాను. పెట్టె ఒళ్లోనే పెట్టుకున్నాను.

శ్వేత వాళ్ల వీధిలో మరమగ్గాల చప్పుడుకు నేను పిలిచినా వినబడలేదు. వాకిట్లో వర్ష పూలు విడదీస్తోంది. నన్ను చూసింది, పెట్టెను చూసింది, తంగేడు పూలన్నీ నేల మీద వదిలేసి పరుగెత్తుకొచ్చింది. బూట్లు వేసుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగుసార్లు ఉరికింది.

"ఎట్లున్నయ్?"

"సరిగ్గ సరిపోయినయ్ నానమ్మా!"

వేలు పెట్టి చూద్దామని ముందుభాగం నొక్కబోతే "సరిపోయినయ్ అంటున్న గదా" అంటూ మళ్లీ ఉరికింది. తడి నేల మీద జారుతుందేమో చూశాను. జారలేదు.

"ఎట్లనన్న కొన్నరు" అంది శ్వేత, సత్తుపిండి ముద్ద నా చేతిలో పెడుతూ. ఉండమని అడిగారు. రాత్రికి తిరిగి వచ్చేశాను. ఇంటికి తాళం వేసి ఉందిగదా అని.


3 అక్టోబర్

ఇద్దరూ వచ్చారు. మెట్ల మీద బంతి. చెవులు పగిలిపోతున్నాయి.


4 అక్టోబర్

చెమట వాసన పోవడానికి వర్ష బూట్లు ఎండలో పెట్టాను. బోర్లించి తట్టితే లోపలి నుంచి దూది ఉండలు పడ్డాయి. రెండింటిలోనూ.

వర్షను పిలిచి మేజోళ్లు విప్పమన్నాను. రెండు మడమల మీదా బొబ్బలు. వాటి మీద పట్టీలు.

"గిదేంది?"

"దూది."

"దూదని నాకు తెల్వదా? ఎందుకు పెట్టినవ్?"

"నువ్వే చెప్తవు గదా, నాన్నకు గట్లనే పెడ్తుంటినని."

"సరిపోయినయంటివి?"

వర్ష కింద పడ్డ దూది ఉండలు ఏరసాగింది.

"మడమ లేస్తున్నదా, ఉరికేటప్పుడు?"

"లేస్తున్నది."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"ఐదు గావాల్నంటె మళ్ల నెల రోజులు సదువుతవ్ నానమ్మా." గట్టిగా ఏమీ అనలేదు. నేల చూస్తూ అంది. "గప్పటికి సెలక్షన్లు అయిపోతయ్. నీకు గావాల్సింది గూడ గదేనని అమ్మ అన్నది."

వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది. నేను అటు తిరగలేదు. శ్వేత బయటికి రాలేదు. కొంతసేపటికి మళ్లీ నీళ్ల చప్పుడు.

నాకు కావలసింది అది కాదు. ఒక వస్తువు గురించి తెలుసుకోవడం తప్పు ఎలా అవుతుంది? రబ్బరు చూడకుండా కొని ఉంటే ఆ ఫస్ట్ కాపీ వేసుకుని పిల్ల కాలు విరగ్గొట్టుకునేది. ఆగాను కాబట్టే సగం ధరకు దొరికింది. నేను చేసినదాంట్లో లోపం ఎవరైనా చూపించమనండి.

సాయంత్రం. దూది తీసిన బూటులో చెయ్యి పెట్టి చూశాను. ముందు ఒకటిన్నర వేలు ఖాళీ. పాదం ఆ ఖాళీ నిండడానికి రెండేళ్లు పడుతుంది.

ఆ రెండేళ్లూ పిల్ల ఎక్కడ ఉంటుందని అనుకుని కొన్నాను?


5 అక్టోబర్, ఆదివారం

దుకాణం తెరవగానే ఫోన్ చేశాను. అదే గొంతు.

"ఐదుకు మార్చాలె" అన్నాను.

"పెరుగుతారు కదండీ, ఆరే ఉంచేసుకోండి మేడం. అందరూ అలాగే చేస్తారండి. రెండేళ్లు హాయిగా వచ్చేస్తాయి."

"రెండేండ్లు అద్దు. నాకు పన్నెండో తారీకు ఒక్కటి అస్తె సాలు."

"తరవాత ఇరుకైపోతే అండీ?"

"అప్పుడు ఆడనే కొనుక్కుంటది. మీ ఊర్లనే ఉంటది."

నోటి నుంచి వచ్చేశాక ఆ మాట నేనే విన్నాను. అతను మాత్రం మామూలుగానే "సరేనండి" అన్నాడు. ఐదులో ఒక్క జతే మిగిలిందట, పక్కన పెట్టమన్నాను. మళ్లీ పార్సిల్ అంటే వారం దాటుతుంది. ఎవరైనా మనిషి వస్తే అప్పటికప్పుడు మార్చి ఇస్తారట.

సరుకు కోసం ముదస్సిర్ సోమవారం సోమవారం హైదరాబాద్ పోతాడు. సాయంత్రం దుకాణానికి వెళ్లాను.

"నా దుకాణంల కొనకపోతిరి" అన్నాడు పెట్టె చూసి, "ఇప్పుడు పరాయోళ్ల బూట్లు నాతోని మోపిస్తున్రు. ఇదేం న్యాయం టీచరమ్మా?"

"ఊకెనే గాదు. నీ చీటీ సంగతి మీ జేబాకు చెప్పకుంట ఉంట."

జేబా వాడి కూతురు. ఇప్పుడు పదో తరగతి.

పెట్టె గబుక్కున తీసుకుని గల్లా వెనుక పెట్టాడు. "రేపు రాత్రికల్ల మీ ఇంట్ల ఉంటయ్."


7 అక్టోబర్

రాత్రి అన్నాడు గానీ ఈ రోజు పొద్దున తెచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "పిల్లకు సరిపోయినయా లేవా, గది చెప్పుర్రి, పోత" అంటూ గడప దగ్గరే నిలబడ్డాడు.

వర్షను సరిపోయాయా అని అడగలేదు. ఎగరమన్నాను. ఆరో నంబరుతో దిగినప్పుడు రెండు చప్పుళ్లు వచ్చేవి, బూటుది ఒకటి, వెనుకనే మడమది ఒకటి. ఇప్పుడు ఒకటే చప్పుడు.

"ఇంకోసారి" అన్నాను.

ఒకటే చప్పుడు.

"సరిపోయినయ్, నువ్వు ఇగ పో" అన్నాను ముదస్సిర్‌తో. వెళ్తూ వెళ్తూ వర్షతో, "గెలువకుంటె మాత్రం బూట్లు బాగలెవ్వని చెప్పు బేటా, మల్ల నా దుకాణంలనే కొందురు" అన్నాడు.

బొబ్బల మీద మెత్తటి పట్టీ వేశాను. మాటలు లేని మూడు రోజుల తరువాత, మధ్యాహ్నం శ్వేతకు నేనే టీ పెట్టి ఇచ్చాను. ఇద్దరం తాగాం. ఆ మాట నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.


9 అక్టోబర్

నర్సింగం అడిగాడు. "ఇంతకు పంపుతరా మేడం?"

ముందు ఎంపిక కానివ్వమన్నాను. ఈసారి బూట్ల మాట అడ్డం పెట్టలేదు.


10 అక్టోబర్

రోజంతా ఫోన్‌లోనే గడిచింది. చెవి వేడెక్కింది.


12 అక్టోబర్, ఆదివారం

పొద్దున్నే బస్సులో జగిత్యాల వెళ్లాం, నేను, శ్వేత, వర్ష. మైదానం నిండా అమ్మాయిలే. ధర్మపురి నుంచి, మెట్‌పల్లి నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. సగానికి సగం మంది కాళ్లకు ఆ ఎర్ర–తెలుపు బూట్లే. వాటిలో ఏవి అసలువో ఏవి కావో నడక చూసి చెప్పడానికి ప్రయత్నించాను. మొదటి ఇద్దరి విషయంలో అనుకున్నదే అయింది, గీత దగ్గర తడి ఉన్నచోట జారి పడ్డారు. ఆ తరువాత మానేశాను. అది వాళ్ల తప్పు కాదు.

వర్ష ఆట నేను ఇంతకుముందు పూర్తిగా ఎప్పుడూ చూడలేదు. మెట్ల మీద చప్పుడు విన్నాను, అంతే. బంతి ఎవరి దగ్గర ఉందో చూడడం నాకు రాదు, కాబట్టి పాదాలు చూశాను. ఉరికొచ్చి ఒక్కసారి ఆగుతుంది. ఎదుటి పిల్ల ఇంకా ముందుకే పోతుంటుంది, ఇది అక్కడే ఆగి ఉంటుంది. ఆగడమే ఆటలో సగం అని నాకు ఈ రోజే తెలిసింది. ఆగిన చోటి నుంచి పైకి లేస్తుంది. దిగినప్పుడు ఒకటే చప్పుడు.

ఒకసారి బంతి వలలో పడ్డాక శ్వేత నా చెయ్యి పట్టుకుంది. ఆట అయ్యేదాకా వదల్లేదు.

మూడు గంటలకు పేర్లు చదివారు. జిల్లా నుంచి నలుగురు. మూడో పేరు వర్షది. శ్వేత ఏడ్చింది. నర్సింగం నోట్లో వేళ్లు పెట్టుకుని ఈల వేశాడు, అతను అలా వేయగా ఎప్పుడూ చూడలేదు.

ఎంపికలు జరిపిన కోచ్ అమ్మాయి, ముప్పై ఏళ్లు ఉంటాయేమో, ట్రాక్ ప్యాంటు వేసుకుని ఉంది. మా దగ్గరికి వచ్చింది. "వర్ష పెద్దోళ్లు ఎవరు?"

నర్సింగం నన్ను చూపించాడు. శ్వేత కూడా నన్నే చూసింది.

"అమ్మా, పంపుతరా? ఇప్పుడే చెప్పాలె. మీరు అద్దంటె ఆ సీటు ఐదో పిల్లకు పోతది. మస్తుమంది ఆడపిల్లల ఇండ్లల్ల అన్నీ అయినంక అద్దంటరు, అందుకే మొకం మీదనే అడుగుతున్న."

వర్ష నా వైపు చూడలేదు. కిందికి వంగింది. లేసు ముడి సరిగ్గానే ఉంది. దాన్ని విప్పింది, మళ్లీ కట్టడం మొదలుపెట్టింది.

"ఎన్నడు తోలియ్యాలె?" అన్నాను.

"దీపావళి అయినంక. ఇరువై మూడో తారీకు."

"మంచిది."

ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. నేను ఇంకేమైనా అడుగుతానని అనుకున్నట్టుంది. ఏమీ అడగకపోయేసరికి ఇంకొకరి దగ్గరికి వెళ్లింది. వర్ష లేసు కడుతూనే ఉంది, చాలాసేపు పట్టింది.

తిరుగు బస్సులో శ్వేత ముందు సీటులో నిద్రపోయింది. వర్ష నా పక్కన కూర్చుంది. మల్లాపూర్ రోడ్డు తిరిగాక పిలిచింది.

"నానమ్మా."

"ఊఁ."

"ఒక్క బూటుకు ముదస్సిర్ మామను, గా హైదరాబాద్ అన్నను వంద ప్రశ్నలు అడిగితివి. గా మేడంను ఒక్కటే అడిగినవ్."

"సరిపోలేదా?"

"అన్నం ఎట్లుంటది, వార్డెన్ ఎవరు, మ్యాథ్స్ ఎవరు చెప్తరు, ఏం అడగవా?"

"వార్డెన్ పేరు సరోజన. మెదక్ ఆమె. పొద్దుగాల ఉప్మా మంచిగుండదట, మిగిలినయి మంచిగనే ఉంటయట. మ్యాథ్స్ సారు కొత్తగ అచ్చిండు, ఎట్ల చెప్తడో ఇంకా ఎవ్వరికి తెల్వదు. గదికి ఆరుగురు. ఆదివారం పదింటికి ఫోన్ ఇస్తరు."

వర్ష నోరు తెరిచి నన్నే చూసింది.

"తారీకు ఒక్కటే ఫోన్‌ల ఎవ్వరు చెప్పలే" అన్నాను.